బొట్టు కింద దీపం

ఓరుగల్లు వెళ్ళొచ్చారట కదా, ఏమేం చూశారని మా స్కూల్లో అందరూ అడిగారు. కోట సగం చూశాను. రామప్ప గుడి చూసీ చూడనట్టు చూశాను. నాలుగు రోజుల్లో నేను కళ్ళు తిప్పకుండా చూసింది మాత్రం ఒక కారు ఇంజన్ని. శిల్పాల గురించి రాయడానికి నాకంటే తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంజన్ గురించి మాత్రం నేనే రాయాలి. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఏలూరు

ఎనభైల మొదట్లో మాట. నేను ఏలూరులో ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు టీచర్ని. మా అక్కయ్య నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. ఓరుగల్లు జంపఖానా ఒకటి కొనాలని ఆవిడకు ఎన్నాళ్ళనుంచో మనసు. బస్సులో నడుం పట్టేస్తుందని వీర్రాజు ట్యాక్సీ మాట్లాడుకున్నాం.

వీర్రాజుది మా వెనకవీధి. పదేళ్ళు ఎవరి లారీయో తోలి, భార్య నాగరత్నం పుస్తెల గొలుసు తాకట్టు పెట్టి, బ్యాంకు అప్పు కూడా తీసుకుని ఆ పాత కారు కొన్నాడు. దూరం బాడుగ దానికి మాదే మొదటిది. లారీ తోలే రోజుల్లో అతను ఏ ఊరు వెళితే ఆ ఊరినుంచి పెళ్ళానికి కార్డు రాసేవాడు. నాగరత్నానికి చదువు రాదు. కార్డు రాగానే కొంగులో దాచుకుని మా ఇంటికొచ్చి, నాచేత చదివించుకుని, మళ్ళీ కొంగులో పెట్టుకుని వెళ్ళేది.

బయలుదేరే రోజు పొద్దున్నే నాగరత్నం బండి ముందు భాగానికీ, స్టీరింగుకీ, నాలుగు తలుపులకీ పసుపు రాసి కుంకుమ పెట్టింది. మా అక్కయ్యకు అది చాల్లేదు. ఇంట్లోంచి గంధం గిన్నె తెచ్చి, "లోపల ఆ మీటర్లకు కూడా పెట్టవే సుభద్రా, బండి నడిపేవి అవే కదా" అంది. నాకు పూజల మీద అంత గురి లేదు. అక్కయ్యతో వాదించే ఓపిక అంతకంటే లేదు. మూడు మీటర్లకూ గంధం పెట్టి పైన కుంకుమ అద్దాను. వాటి కింద ఒక చిన్న గుండ్రటి గాజుబిళ్ళ ఉంది. అదేమిటో నాకు తెలియదు. బొట్టుకోసమే చేసినట్టుందని దానికి కాస్త మందంగానే పెట్టాను. ఈలోగా అక్కయ్య బానెట్ తీయించి, కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు ఇంజన్ మీద నిండుగా పోసింది. వీర్రాజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే పనిలో ఉన్నాడు.

ఖమ్మం దాటాక

ఖమ్మంలో భోజనం చేసేదాకా బండి బుద్ధిగానే నడిచింది. ఆ తర్వాత ఒక ఎత్తు దగ్గర వణకడం మొదలైంది. నాలుగు అడుగులు సాఫీగా వెళ్ళి ఒక అడుగు తడబడేది. అక్కయ్య ఒళ్ళో ఉన్న మరచెంబు గలగలలాడుతూనే ఉంది.

"ఆ బంకువాడు పెట్రోల్లో కిరసనాయిలు కలిపేశాడండి" అన్నాడు వీర్రాజు. "ఈ ట్యాంకు ఖాళీ అయితే అదే సర్దుకుంటదండి."

తొర్రూరులో టీకి ఆగాం. టీ నలభై పైసలు. మా ఊళ్ళో గ్లాసు పెద్దది, టీ పలచన. ఇక్కడ కప్పు చిన్నది, టీ చిక్కన. సాసరులో పోసుకుని తాగాలట. టీకొట్టు పెద్దాయన నన్ను మొదటి మాటలోనే "నువ్వు" అన్నాడు. మా వైపు కొత్తవాళ్ళను ఎవరైనా అలా అంటే తగాదా అవుతుంది. ఇక్కడ ఇంట్లోవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడతారని అర్థం కావడానికి నాకు ఒక పూట పట్టింది.

"యాడికెల్లి వస్తున్నవు తల్లీ?"

"ఏలూరు నుంచండీ."

"గంత దూరంకెల్లి గీ బండిలనా?" అని కారు వైపు చూశాడు. "జర పైలం. దాని సప్పుడు మంచిగ లేదు."

వీర్రాజుకు ఆ మాట నచ్చలేదు. టీ సగంలో వదిలేసి వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

కాశిబుగ్గ

మంచి జంపఖానాలు కాశిబుగ్గలో మగ్గాల దగ్గరే కొనుక్కోవాలని ఎవరో చెప్పగా నేరుగా అక్కడికే వెళ్ళాం. మొదటి వీధి మలుపులో ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నూలు కండెలు నెత్తిన పెట్టుకుని పోతున్న ఇద్దరు కండెలు అరుగుమీద దించి, మేము అడగకముందే బండిని నెట్టారు. నెట్టుకుంటూ తీసుకెళ్ళి యాకయ్య షెడ్డు ముందు నిలబెట్టారు.

యాకయ్యకు యాభై ఏళ్ళుంటాయి. లుంగీ, బనీను, చెవి వెనక ఒక బీడీ. పద్మశాలీల ఇంట్లో పుట్టాడు. దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని తల్లి అక్కడి బాబా పేరు పెట్టిందట. ఇక్కడ ఆ పేరు వాడకొకరికి ఉంటుందని చెప్పారు. మగ్గం మీద చూపు ఆనడం లేదని కాదు, కాళ్ళు ఒకచోట నిలవవని మెకానిక్ అయ్యానని అతనే చెప్పాడు.

వీర్రాజు బానెట్ ఎత్తబోతే యాకయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందుగాల కూసోండ్రి. చాయ్ తాగుండ్రి. నువ్వు జర సప్పుడు చెయ్యకు తమ్మీ." తర్వాత నావైపు తిరిగాడు. "డ్రైవర్ను అడిగితే సగం దాస్తడమ్మా. ఇజ్జత్ సవాల్ కదా. ఎనక కూసున్నోళ్ళకు దాసేదేముంటది? నువ్వు చెప్పు. ఇంటికాడ ఎక్కినకాడికెల్లి చెప్పు."

అది అతని పద్ధతి. ఏ బండి వచ్చినా ముందు వెనక సీటువాళ్ళను అడుగుతాడు. నాకు ముచ్చటేసింది. పాఠం అప్పజెప్పినట్టు అంతా చెప్పాను. ఎక్కడ వణికింది, ఎత్తులోనా పల్లంలోనా, ఆగి బయలుదేరినప్పుడా పరుగులోనా అని అతను మధ్యలో అడిగాడు. చివర్లో, "మీటర్ల కాడ ఎర్ర బుగ్గ ఎలిగిందా తల్లీ?" అన్నాడు. బుగ్గంటే ఇక్కడ బల్బు.

"లేదు" అన్నాను. అప్పటికి అది నిజమే.

ఇంజన్ స్టార్ట్ చేయించి, పొడి గుడ్డ చేత్తో పట్టుకుని ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే పీకి మళ్ళీ పెట్టాడు. మొదటిది పీకితే ఇంజన్ ఇంకా కుంటింది. రెండోదీ అంతే. మూడోది పీకితే ఏ తేడా లేదు. "గిదే పని చేస్తలేదు. ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే" అన్నాడు. కొత్త ప్లగ్గు వేసి చూసినా అదే తీరు. అప్పుడు వైర్లన్నీ కలిసే నల్లటి మూత ఊడదీశాడు. లోపల తెల్లగా ఎండిన చారలు, రెండు చచ్చిన చీమలు. వేలితో గీకి వాసన చూశాడు.

"కొబ్బరినీళ్ళు! ఇంజన్‌కు తానం పోసిండ్రా ఏంది?"

షెడ్డులో ఉన్నవాళ్ళంతా ఒకటే నవ్వు. అక్కయ్య తల ఎత్తుకునే, "పూజ చేశాం నాయనా" అంది.

"దేవునికి పొయ్యి తల్లీ, గీనికి పొయ్యకు. నిప్పు పోవాల్సిన తొవ్వ ఇడిసిపెట్టి గీ చారలెంబడి పోతాంది."

మూత పెట్రోలు గుడ్డతో తుడిచి, సన్నటి కాగితంతో రుద్ది, ఎండలో పెట్టి బిగించాడు. ఇంజన్ మళ్ళీ స్టార్టయింది. వణుకు లేదు. వీర్రాజు నవ్వాడు. యాకయ్య నవ్వలేదు. తల వంచి విన్నాడు. వణుకు పోయాక దానికింద దాగిన ఇంకో చప్పుడు బయటపడింది. ఎవరో లోపలినుంచి తలుపు కొడుతున్నట్టు టక్ టక్ మని.

"బంద్ చెయ్!" అని అరిచాడు.

ఆయిల్ చూసే పుల్ల తీస్తే పొడిగా ఉంది. బండి కిందికి దూరి చూస్తే ఫిల్టర్ దగ్గర రబ్బరు ముదిరిపోయి, దారి పొడుగునా ఆయిల్ కారిపోయింది. పైకి లేచి చేతులు తుడుచుకుంటూ, "గింత తక్కువైతే ఎర్ర బుగ్గ ఎలగాలె కదా. ఎలగలేదంటివి" అన్నాడు నాతో. డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. మీటర్ల వైపు కొంచెంసేపు చూశాడు. గోటితో నా గంధం బొట్టు గీకాడు. కిందనుంచి ఎర్ర దీపం బయటికొచ్చింది.

వీర్రాజు నేలమీద కూలబడ్డాడు. "నాగరత్నమండి" అన్నాడు. "కనబడిన ప్రతిదానికీ బొట్టు పెడతదండి. ఎన్నిసార్లు చెప్పినా వినదండి."

ఆ దీపం కనబడి ఉంటే ఖమ్మం అవతలే ఆగి, ఆయిల్ పోసుకుని, హాయిగా వచ్చేవాళ్ళం. నాది అని చెప్పడానికి నోరు తెరిచాను. అక్కయ్య నా చెయ్యి గట్టిగా గిల్లింది. "ఊరుకో. ఇప్పుడు చెప్తే ఇంజన్ ఖర్చంతా మన నెత్తిన పడుతుంది" అని చెవిలో అంది. నేను ఊరుకున్నాను. నెపం అక్కయ్య మీద పెట్టను. నలభై రెండేళ్ళదాన్ని, గిల్లితే నోరు మూసుకునే వయసు కాదు. నాకూ ఊరుకోవాలనే ఉంది.

"ఇప్పితే గాని చెప్పలేను" అన్నాడు యాకయ్య. "బేరింగులు పోతే కొత్తయి ఏసుకోవచ్చు. లోపట తిరిగే క్రాంకు గీసుకపోయిందనుకో..." అని ఆపేశాడు. మిగతాది వీర్రాజుకు తెలుసు. క్రాంకు పోతే కారు పోయినట్టే. కారు పోతే గొలుసు రాదు, అప్పు తీరదు, మళ్ళీ ఎవరి లారీయో తోలాలి.

యాకయ్య ఇల్లు

లాడ్జికి పోతామంటే యాకయ్య భార్య కొమురమ్మ ఒప్పుకోలేదు. షెడ్డు వెనకే వాళ్ళ ఇల్లు. ముందుగదంతా జంపఖానా మగ్గమే. ఒక అంచు దగ్గర ఆవిడ, రెండో అంచు దగ్గర ఆవిడ చెల్లెలు కూర్చుని ఎర్ర నూలు, నీలం నూలు చేతులు మార్చుకుంటూ నేస్తారు. అక్కయ్య అక్కడే చతికిలబడిపోయింది.

జొన్నరొట్టె, పచ్చిపులుసు, పల్లీలు వేసి గిన్నెకు అద్దిన సర్వపిండి పెట్టారు. మా వైపు అయితే చుట్టాలు తిని లేచాకే ఇంటి ఆడవాళ్ళు తింటారు. కొమురమ్మ తన కంచం తెచ్చుకుని మా పక్కనే కూర్చుంది. తింటూ నా జీతమెంత, పెండ్లెందుకు చేసుకోలేదు అని సూటిగా అడిగింది. అడిగిన తీరులో వెటకారం లేదు కాబట్టి నేనూ సూటిగానే చెప్పాను. అక్కయ్యకు కల్లు లోటా ఇచ్చి, "జర తాగవ్వా, సలువ" అంటే అక్కయ్య మడికట్టుకున్నదానిలా వెనక్కి జరిగింది. ఆవిడ నవ్వి ఆ లోటా తనే ఖాళీ చేసింది.

వీర్రాజు తినలేదు. రొట్టె చేత్తో పట్టుకుని షెడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. బాడుగ మొత్తం ముందే అతని చేతిలో పెట్టాను, ఖర్చులకు పనికొస్తుందని. అతను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నేను సిగ్గుతో కంచంలోకి తలొంచాను.

పొద్దున్నే యాకయ్య ఇంజన్ అడుగు విప్పడం మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా పని. ఇక్కడ కూర్చుని చేసేదేముంది, రామప్ప చూసిరండి అన్నాడు. బయలుదేరుతుంటే వీర్రాజు ఒక కార్డు తెచ్చి, "హనుమకొండలో పోస్టులో వెయ్యండి టీచర్ గారూ. నాగరత్నానికి" అన్నాడు.

ములుగు బస్సు

హనుమకొండ బస్టాండులో పోస్టుడబ్బా ముందు నిలబడి కార్డు చదివాను. ఇంకొకరి ఉత్తరం చదవకూడదని పిల్లలకు చెప్పేదాన్నే.

"ఒసే నాగరత్నం, నీ చేతులు పడిపోను. దీపం మీద బొట్టు పెట్టి బండి కొంప ముంచావు. నా పదేళ్ళ కష్టం నీ బుద్ధిలేనితనానికి బూడిదైంది. ఇంజన్ పోతే నేను వచ్చేసరికి నువ్వు ఇంట్లో ఉండకు, మీ వాళ్ళింటికి పో. నీ మొహం నాకు చూపించకు."

ఊళ్ళో నేను లేను. ఇది ఆమెకు చదివేది పోస్టుమాను. వీధిలో నిలబడి, నలుగురూ వినేలా. అన్నీ తెలిసే ఆ కార్డు డబ్బాలో వేశాను. వెయ్యకపోతే ఎందుకు వెయ్యలేదో వీర్రాజుకు చెప్పాలి కదా. ఇంత చదువుకున్నదాన్ని, ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డాను.

ములుగు బస్సులో నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. ఒళ్ళో బుట్టనిండా తునికి పండ్లు. రూపాయికి దోసెడు. నేను కొనకముందే రెండు నా చేతిలో పెట్టి, "తిను బిడ్డా. మొకం గట్ల పెట్టినవేంది, ఎవలన్న పోయిండ్రా?" అంది.

"ఎవరూ పోలేదవ్వా."

"మరి ఫికరెందుకు? మనిషి పోకుంటే ఏదైనా సక్కగైతది" అంది. నిజమేనా అని ములుగు దాకా ఆలోచించాను. తునికి పండు తియ్యగా ఉంటుంది గాని నాలుకకు పిడచకట్టినట్టవుతుంది. గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక రుమాల్లో దాచుకున్నాను.

ములుగులో జీపెక్కి రామప్పకు వెళ్ళాం. చెరువు గాలి, ఎర్రటి రాయి, నల్లటి శిల్పాలు. ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న రాతి అమ్మాయిని చూసి అక్కయ్య ముక్కున వేలేసుకుంది. ఆ శిల్పాల వేలి సందుల్లో దారం పోతుందని, మోగే రాళ్ళున్నాయని చెబుతుంటే తలూపాను. మీరు వెళితే మనసు ఖాళీగా ఉన్న రోజు వెళ్ళండి. నేను ఆ రోజు వాటి చేతులే చూశాను. ఒక్క చెయ్యీ పడిపోలేదు.

గోరు పరీక్ష

పొద్దుగూకకముందే కాశిబుగ్గ చేరాం. యాకయ్య ఇంజన్ అడుగు విప్పి, క్రాంకు తుడిచి, వీర్రాజుకు చూపించకుండా మాకోసం ఆగాడు. తీసిన బేరింగులు ఇనుప పళ్ళెంలో ఉన్నాయి. రెండు అరిగి రంగు మారాయి.

"బేరింగులు పోయినయి. హనుమకొండల దొరుకుతయి, ఫికర్ లేదు. గిప్పుడు అసలు సంగతి" అన్నాడు. కుడిచేతి చూపుడువేలు గోరు క్రాంకు మీద అడ్డంగా ఆనించాడు. "గోరు ఏడన్న ఆగిందా, పోయినట్టే. ఆగకుంటే ఉన్నట్టే."

నెమ్మదిగా లాగాడు. కొమురమ్మ మగ్గం ఆపేసి గుమ్మంలోకి వచ్చింది. వీర్రాజు కళ్ళు మూసుకున్నాడు. గోరు ఆ చివరనుంచి ఈ చివరికి ఎక్కడా ఆగకుండా వచ్చింది. రెండోచోట, మూడోచోట, నాలుగోచోట కూడా అంతే.

"దేవునికి దండం పెట్టు తమ్మీ. నీ బండి బతికింది."

వీర్రాజు భోరుమన్నాడు. ఏడుస్తూనే యాకయ్య చేతులు పట్టుకున్నాడు. ఆ గోటినిండా ఉన్న నల్ల ఆయిలు కళ్ళకద్దుకున్నాడు. కాసేపటికి తేరుకుని, "కార్డు పోస్టు చేశారాండి?" అన్నాడు నాతో. చేశానన్నాను. ముఖం చిన్నది చేసుకుని, "తొందరపడ్డానండి. ఏదేదో రాసేశాను" అన్నాడు. అంతకంటే మంచి సమయం నాకు దొరకదు. నేను గొంతు సవరించుకుని, అక్కయ్య కొన్న జంపఖానా కట్ట ఎక్కడ పెట్టాలని అడిగాను.

మర్నాటి మధ్యాహ్నానికి బేరింగులు, కొత్త రబ్బరు, ఆయిలు వేసి ఇంజన్ స్టార్ట్ చేశాడు. తాళం తిప్పగానే ఎర్ర దీపం వెలిగి, ఇంజన్ అందుకోగానే ఆరిపోయింది. అలా ఆరడం చూసి వీర్రాజు చిన్నపిల్లాడిలా మళ్ళీ మళ్ళీ తాళం తిప్పాడు. ఆ పూట యాకయ్య దంపతుల పోరు పడలేక కోట తోరణాలు రెండు చూసి వచ్చాం.

నాలుగోరోజు పొద్దున సామాను సర్దుతుంటే యాకయ్య నా దగ్గరికొచ్చాడు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం.

"బండి మీది బొట్లన్నీ పసుపు మీద కుంకుమ. మీటర్లయి గంధం మీద కుంకుమ. చెయ్యి వేరే" అన్నాడు, నెమ్మదిగానే. "మిషన్ల సంగతి నేను చెప్త తల్లీ. గిది నువ్వే చెప్పాలె."

ఇంకేమీ అనకుండా వెళ్ళి వీర్రాజుకు టైర్లలో గాలి చూపించాడు.

ఇంటి ముందు

ఖమ్మంలో చెబుదామనుకున్నాను. అక్కడ వీర్రాజు హుషారుగా పాట పాడుతున్నాడు. బెజవాడలో చెబుదామనుకున్నాను. అక్కడ ట్రాఫిక్. ఇవన్నీ నేను నాకు చెప్పుకున్న సాకులు. ఇంజన్ మాత్రం దారి పొడుగునా ఒక్కసారి తడబడలేదు.

సాయంత్రం మా ఇంటిముందు ఆగేసరికి నాగరత్నం అరుగుమీద కూర్చుని ఉంది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, మొగుడి వైపు చూసి నవ్వి, కొంగులోంచి కార్డు తీసి నాకు ఇచ్చింది.

"మధ్యాన్నం వచ్చిందండి. పోస్టుమాను చదువుతానన్నాడు, నేనే వద్దన్నాను. ఈయన ఉత్తరాలు మీ నోట వింటేనే నాకు బాగుంటదండి."

"దాన్ని ఇలా ఇచ్చెయ్యే" అని వీర్రాజు చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. ఇప్పుడు కూడా మార్చి చదవొచ్చు, క్షేమంగా ఉన్నానని రాశాడని చెప్పొచ్చు. అక్కయ్య నావైపు చూస్తోంది. ఉన్నది ఉన్నట్టు చదివాను, మొదటి మాటనుంచి చివరిదాకా. నాగరత్నం నవ్వు మొదటి వాక్యానికే పోయింది. మిగతాదంతా నేల చూస్తూ వింది.

"నాగరత్నం, ఆ దీపం మీద బొట్టు నువ్వు పెట్టలేదు. నేను పెట్టాను. ఓరుగల్లులోనే తెలిసింది. చెప్పలేదు. ఈ కార్డు చదివి మరీ పోస్టు చేశాను" అన్నాను.

వీర్రాజు నన్ను ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు. నాగరత్నం నా పక్కకొచ్చి కార్డులోకి చూసింది.

"ఇందులో నా పేరు ఎక్కడుందండి?"

వేలు పెట్టి చూపించాను.

"అది కొట్టేసి మీ పేరు రాయండి."

చేతిసంచిలోంచి పెన్ను తీశాను. కొట్టేశాను. రాశాను.

"ఇప్పుడు మళ్ళీ చదవండి" అంది. వెళ్ళి మొగుడి పక్కన నిలబడింది.

ఎదురింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. నేను కార్డు పైకెత్తి, "ఒసే సుభద్రా, నీ చేతులు పడిపోను" అని మొదలుపెట్టి, ఒక్క మాట వదలకుండా చివరిదాకా చదివాను.